చదరంగం పక్కన ఎర్ర పూవు

ఈ మాటలు నేను చెబుతుంటే నా భార్య టైపు చేస్తోంది. రెండేళ్ళుగా నా కుడిచేతి వేళ్ళు వణుకుతున్నాయి, ఒక అక్షరం మీద పెడితే రెండక్షరాలు పడుతున్నాయి. అందుకని నేను కుర్చీలో వెనక్కి వాలి చెప్పడం, ఆమె కొట్టడం. దీనివల్ల నాకొక చిక్కు వచ్చిపడింది. నేను చెప్పాలనుకున్నది ఆమె మీద నేను కుళ్ళుకున్న సంగతి. ఆ కుళ్ళంతా ఆమె వేళ్ళ కిందనుంచే పోవాలి.

మొదటి ముక్క చెప్పగానే ఆగింది. "ఎవరి మీద కుళ్ళు?" అని అడిగింది.

"నీ మీదనే."

"నిజంగనే కొట్టాల్నా?"

"కొట్టు" అన్నాను. కొట్టింది.

మా దుకాణం మేడ్చల్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురు వరుసలో ఉండేది. భూములు అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ దస్తావేజులు టైపు చేసి ఇవ్వడం మా పని. మొదట్లో తెలుగు టైపు మిషన్ మీద కొట్టేవాణ్ణి. తెలుగు టైపు పరీక్షలో హయ్యరు పాసయ్యాను, ఆ సంగతి బోర్డు మీద నా పేరు కింద ఎర్ర రంగుతో రాయించుకున్నాను కూడా. తొంభైల చివర్లో కంప్యూటర్ కొన్నాను. ఆ వరుసలో మొదటిది నాదే. అంతకుముందు నన్ను "టైపాయన" అనేవాళ్ళు. కంప్యూటర్ వచ్చిన నెలకే "సారు" అనడం మొదలుపెట్టారు. పదెకరాల పటేళ్ళు కూడా నా స్టూలు మీద కూర్చుని "సారు, జర జల్దీ చూడుండ్రి" అంటుంటే ఒళ్ళు పొంగిపోయేది. ఇంత వయసొచ్చాక చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను. ఆ "సారు" అన్న పిలుపు కోసమే బతికాను.

అప్పట్లో ఆ కంప్యూటర్‌లో ఉన్నది, అందరూ "తొంభై ఎనిమిది" అని పిలిచే పాత విండోస్. అన్నీ బూడిదరంగు పెట్టెలు, సూటిగా కోసిన అంచులు. దానికి అందమంటూ లేదు. నాకు అందంతో పనేముంది? అది నా మాట వినేది, అంతే చాలు.

మా పనిలో ఎవరూ దస్తావేజును మొదటినుంచీ కొట్టరు. అదే ఊరిది అంతకుముందు చేసింది తెరిచి, పేర్లూ సర్వే నంబరూ నాలుగు దిక్కుల హద్దులూ మార్చి, కొత్త పేరుతో దాచుకుంటారు. కాబట్టి ఊరికో ఫోల్డరు ఉండాలి. ఆ ఫోల్డర్లకు దారి చూపే బొమ్మల్ని నేను స్క్రీను మీద అందరిలా వరసగా పెట్టలేదు. ఏ ఊరు ఏ దిక్కునుంటే ఆ దిక్కునే పెట్టాను. నట్టనడుమ మేడ్చల్. కుడిపక్క శామీర్‌పేట, దానికి కాస్త పైన తుర్కపల్లి. ఎడమ దిక్కు కిందికి గండిమైసమ్మ, దాని పక్కన బౌరంపేట్. అక్షరమ్ముక్క రానివాళ్ళు కూడా నా వెనక నిలబడి, "మా ఊరు గా మూలకున్నది సారు" అని వేలు పెట్టి చూపించేవాళ్ళు. ఆ వేలి ముద్రల్ని సాయంత్రం మెత్తటి గుడ్డతో తుడిచేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా వరుసలో ప్రతి దస్తావేజుకీ ఆఖర్న, సాక్షుల సంతకాల కింద, "టైపు చేసినవారు" అని చిన్న అక్షరాల వరస ఒకటి పెట్టేవాళ్ళం. దాని ఎదురుగా నా పేరు. భూమి ఎవరిదైనా కానీ, ప్రతి కాయితం మీదా అడుగున నేనుండేవాణ్ణి.

నా భార్య జిరాక్సు మిషన్ చూసుకునేది. ఏడో తరగతి దాకా చదువుకుంది. కంప్యూటర్ వచ్చిన కొత్తలో ఒకసారి, "నేను గూడ నేర్చుకుంట, ఖాళీగనే ఉంటున్న గద" అంది. "హయ్యరు పాసయినోళ్ళకే వస్తది గిది. నీతోని కాదు" అన్నాను. మళ్ళీ అడగలేదు. మూలన పాత టైపు మిషన్ మీద గుడ్డ కప్పి ఉండేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

కొన్నేళ్ళకు కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. దస్తావేజు సగంలో ఉండగా బిగుసుకుపోయేది. మెకానిక్‌ను పిలిస్తే పట్టుకుపోయి రెండురోజులకు తెచ్చాడు. "అన్నా, ఎక్స్‌పీ ఏసిన. ఇగ పరేషాన్ లేదు" అన్నాడు. స్విచ్చి వేస్తే నీలం ఆకాశం, దాని కింద పచ్చటి గుట్ట కనబడ్డాయి. కింద ఎడమ మూలన పిప్పరమెంటు బిళ్ళలాంటి పచ్చ స్టార్ట్ బటన్. పెట్టెల మూలలన్నీ గుండ్రంగా అరగదీసినట్టున్నాయి. మూసేసే గుర్తు ఎర్రగా మెరుస్తోంది. అన్నిటికీ మించి నా ఊళ్ళు. బౌరంపేట్ కింద గండిమైసమ్మ, దాని కింద మేడ్చల్, దాని కింద శామీర్‌పేట, అట్టడుగున తుర్కపల్లి, బడిపిల్లల్లా ఒకదాని వెనక ఒకటి ఎడమ గోడకు ఆనుకుని నిలబడ్డాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవడు జరపమన్నడు నిన్ను?" అన్నాను.

"నేను జరపలే అన్నా. కొత్తది గిట్లనే వస్తది."

అప్పుడే బౌరంపేట్ పటేల్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆయనకు ఊళ్ళో పొలాలున్నాయి, అప్పటికే వాటిని ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. స్క్రీను వంక చాలాసేపు చూశాడు. "గీ గుట్ట ఏడుంది సారు?" అన్నాడు.

"అది బొమ్మ పటేలా."

"బొమ్మే అనుకో. జాగ ఏడిది? రోడ్డు దగ్గర్నే ఉన్నట్టుంది. రాయి రప్ప లేదు, చదును చేసే పనే లేదు."

ఆ వారమంతా ఇదే తంతు. ఆ రోజుల్లో మా దగ్గర ఎవరికి పచ్చటి ఖాళీ జాగా కనబడినా ముందు అడిగే మాట అదే. ఒకాయన, తుర్కపల్లి దిక్కు ల్యాబులు రాకముందు ఇట్లాంటి గుట్టే ఉండేదన్నాడు. ఇంకొకాయన చెట్టొక్కటి లేదు, బోరు పడదు అని పెదవి విరిచాడు. నా మనసు తెలిసిన మనిషి ఒక్కడే వచ్చాడు, తుర్కపల్లిలో ఏదో ల్యాబులో గుమాస్తా, ఇంటి కిరాయి అగ్రిమెంటు కోసం. "మా ఆఫీసులో కూడా ఇదే వేశారండీ. పిల్లల పుస్తకంలా ఉంది, పని చేయబుద్ధి కావడం లేదు" అన్నాడు. ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. టీ తెప్పించి ఇచ్చాను. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, "అలవాటైపోయిందండీ, ఇప్పుడిదే బాగుంది" అన్నాడు. ఆరోజు టీ తెప్పించలేదు.

వారం ఆఖర్న మెకానిక్‌ను మళ్ళీ పిలిపించాను. "పాతది లెక్కనే కనబడాలె. లేకుంటే మిషన్ నువ్వే తీస్కపో" అన్నాను. వాడు ఏవేవో నొక్కి, బూడిదరంగు పెట్టెలు తెప్పించాడు, గుట్ట తీసేశాడు. ఊళ్ళను మళ్ళీ వాటి చోట్లలో నేనే పెట్టుకున్నాను. వాడు లేవబోతూ జిరాక్సు మిషన్ వైపు తిరిగి, "వదినా, నీకు గూడ ఒకటి పెట్టాల్నా? గీ మిషన్ల ఎవరి పేరు మీద వాళ్ళకు వేరే స్క్రీను పెట్టుకోవచ్చు" అన్నాడు.

"ఆమెకెందుకు?" అన్నాను.

"పెట్టు" అంది ఆమె, కాయితం మీదినుంచి తల ఎత్తకుండానే.

"నీ పేరు పక్కన ఏ బొమ్మ పెట్టాలె వదినా?"

చీరకొంగుకు చేతులు తుడుచుకుని వచ్చింది. వాడు బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూపించాడు. బాతు, కుక్క, చేప, విమానం. చివరికి ఎర్ర పూవు దగ్గర ఆగమంది. నా పేరు పక్కన అప్పటికే చదరంగం బొమ్మ ఉంది, అదెప్పుడు పెట్టాడో తెలీదు. ఆమెను అడిగాడు, నన్ను అడగలేదు. నవ్వుకోండి, కానీ నా కుళ్ళు పుట్టింది అక్కడే.

మర్నాటినుంచి స్విచ్చి వేయగానే మొదట రెండు బొమ్మలు కనబడేవి, చదరంగం, దాని పక్కన ఎర్ర పూవు. చదరంగం నొక్కితే నా బూడిద పెట్టెలూ నా ఊళ్ళూ. పూవు నొక్కితే ఆమె ఆకాశం, ఆమె గుట్ట. ఒక్క మిషన్‌లో ఇద్దరం కాపురం పెట్టినట్టయింది.

నేను పొద్దున పూట పార్టీల వెంట రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయేవాణ్ణి. ఒకరోజు కాయితం మరిచిపోయి మధ్యలో వెనక్కి వస్తే, దుకాణం లోపల్నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. ఒక్కో వేలూ వెతుక్కుంటూ కొట్టే చప్పుడు కాదది. నేను కొట్టే చప్పుడు. గుమ్మం పక్కన నిలబడి చూశాను. ఆమె చూపు కీబోర్డు మీద లేదు. ఎవరికో దరఖాస్తు కొడుతోంది.

"ఎప్పుడు నేర్చుకున్నవ్?" అని అడిగాను, ఆ మనిషి వెళ్ళాక.

మూలనున్న పాత టైపు మిషన్ వైపు గడ్డంతో చూపించింది. "అండ్ల రిబ్బన్ లేదు గద. ఎంత కొట్టినా ఏం కనబడదు. నువ్వు ఆఫీసుకు వోయినప్పుడల్ల కొట్టిన."

నాలుగేళ్ళు. నాలుగేళ్ళు ఆ గుడ్డ తీసి, అచ్చు పడని అక్షరాలు కొట్టి, నేను వచ్చేసరికి మళ్ళీ గుడ్డ కప్పింది. టైపు మిషన్ మీటల మీదున్న అక్షరాల వరసే కంప్యూటర్‌లోనూ ఉంది కాబట్టి ఆమెకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. ఇంకొకరైతే భార్యను మెచ్చుకునేవాళ్ళేమో. నాకు మాత్రం ఎవరో నా జేబులో చెయ్యి పెట్టినట్టనిపించింది.

తర్వాత జనం. అబ్బ, ఆ జనం. నాకు దాచుకోవడం చాతకాదు, నా మొహంలో కనబడేది. దుకాణంలోకి వచ్చి, నన్ను దాటి ఆమె వైపు చూసేవాళ్ళు. ఆమె తీరు వేరు. అక్షరాలు పెద్దవి చేసి చూపించేది. టైపు అయ్యాక నాలుగు హద్దులూ పైకి చదివి వినిపించేది. తూర్పు అని ఆగేది, వాళ్ళు తలూపాకే పడమరకు పోయేది. "అమ్మా, పూవు మీద ఒత్తు, గా గుట్ట చూద్దం" అనేవాళ్ళు కొందరు. రోజుకు ఎంతమంది ఆమెను అడుగుతున్నారో బల్ల కింద వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాణ్ణి. ఒకరోజు రెండు చేతులూ చాలలేదు. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైందని గొడవ పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఇది చెబుతుంటే ఇప్పుడు ఆమె కొడుతూనే, "నాకు ఎరుకే" అంది.

ఆమె చేసిన దస్తావేజుల అడుగున ఎవరి పేరు ఉందో దొంగచాటుగా తీసి చూశాను. "టైపు చేసినవారు" అన్న చోట నా పేరే పెట్టింది. అమ్మయ్య అనుకున్నాను. దుకాణం నాది, పేరు నాది, పెట్టక ఏం చేస్తుంది అని కూడా అనుకున్నాను.

ఇంతలో నా పరువు తీసే పని ఒకటి జరిగింది. బౌరంపేట్ పటేల్ పక్కన కూర్చుని ఉండగా, స్క్రీను మూలన ఒక మాట లేచింది. వాడని బొమ్మలు ఉన్నాయి, సర్దమంటారా అని. నేను తొందరలో సరే సరే అని నొక్కుకుంటూ పోయాను. చూస్తే సగం ఊళ్ళు మాయం. బౌరంపేట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"మా ఊరు ఏడవాయె సారు?" అన్నాడు పటేల్.

నేను తెరిచింది మూసి, మూసింది తెరిచి చెమటలు కక్కాను. నా భార్య వెనకనుంచి వచ్చి, నా భుజం మీదుగా వేలు చాపి, "గా ఫోల్డర్ల చూడు, అన్నీ అండ్లనే వేస్తది" అంది. ఉన్నాయి. పటేల్ నవ్వి, "అమ్మకు అన్ని ఎరుకున్నయ్. ఇగ నువ్వు రెస్టు తీస్కో సారు" అన్నాడు. సరదాకే అన్నాడు. నాకు మొహం మాడిపోయింది.

ఆ సాయంత్రమే నా చదరంగానికి పాస్‌వర్డ్ పెట్టాను. ఫైళ్ళు వేరేవాళ్ళకు కనబడకుండా చెయ్యాలా అని మిషనే అడిగింది. చెయ్యమన్నాను. పదివేళ్ళతో ఇన్నేళ్ళు కూడబెట్టిన దస్తావేజులన్నీ నా వైపే ఉండిపోయాయి. మర్నాడు ఆమె శామీర్‌పేట పాత దస్తావేజు ఒకటి కావాలంది. "నీ పని నువ్వు చేస్కో, నా పని నేను చేస్కుంట" అన్నాను. నా వంక ఒక్కసారి చూసి, ఇనప ర్యాకులోంచి కాయితం నకలు తీసుకుని మొదటినుంచీ కొట్టుకుంది. పాత ఫైలు లేకపోతే ఆమె పని ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు, కొంచెం ఆలస్యమయ్యేది అంతే.

ఇక అవ్వ సంగతికి వస్తాను. ఇదంతా చెబుతున్నది దానికోసమే.

శామీర్‌పేట చెరువు దిక్కు నుంచి ఒక ముసలావిడ వచ్చింది. చేపలు పట్టే కుటుంబం. రోడ్డు పక్కన ఆమెకు ఒక ముక్క జాగా ఉంది. ముందు సగం అమ్ముతోంది, వెనక సగంలో ఆమె ఇల్లుంది, వలలు ఆరేసుకునే చోటుంది. గుమ్మంలో నిలబడి, "పూవు అమ్మ లేదా బిడ్డా?" అంది.

నా దుకాణం గుమ్మంలో నిలబడి నన్నే అడిగింది.

"ఏం పని అవ్వా?"

"జాగ కాయితం రాపియ్యాలె. గామె సదివి ఇనిపిస్తదంట గద, మా వాడకట్టు ఆడోళ్ళు జెప్పిన్రు."

నా భార్య లేవబోయింది. "కూసో. నేను చేస్త" అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె కూర్చుంది.

శామీర్‌పేట ఫోల్డరులో నేను చివరిసారి చేసిన దస్తావేజు తెరిచాను. అవ్వ హద్దులు చెప్పింది. తూర్పుకు రోడ్డు. పడమరకు తనకు మిగిలిన జాగా. ఉత్తరానికి మరిది జాగా. దక్షిణానికి, వెనక తన ఇంటికి పోవడానికి విడిచిపెట్టుకున్న పది అడుగుల బాట. "గా బాట మాత్రం మరువకు బిడ్డ. అది లేకుంటే నా ఇంటికి నేనే పోలేను" అంది. అలాగే అలాగే అన్నాను. నా చెవి ఆమె మాట మీద ఉంది, కన్ను మాత్రం నా భార్య మీద ఉంది. ఎంత తొందరగా చేస్తున్నానో ఆమె చూస్తోందా లేదా అన్నదే నా ధ్యాస. పది నిమిషాల్లో కొట్టి, ప్రింటు తీసి, అవ్వ ముందు ఠపీమని పెట్టాను.

"హద్దులు ఒకసారి సదివి చెప్పరాదు అవ్వకు" అంది నా భార్య.

"నాకు నేర్పుతున్నవా?" అన్నాను.

కాయితాలు ఫైలులో పెట్టి, "రేపు పొద్దుగాల పది గంటలకు రా అవ్వా" అని చెప్పి, టీ తాగడానికి వెళ్ళిపోయాను. ఎంత తేలిగ్గా నడిచానో ఇప్పటికీ గుర్తుంది. చాలా రోజుల తర్వాత గెలిచాననిపించింది. తిరిగి వచ్చేసరికి అవ్వ లేదు, నా భార్య పూవు వైపు ఏదో కొడుతోంది. ఏం కొడుతున్నావని అడగలేదు. ఆమెకు పని ఉందని ఒప్పుకోవడం నాకిష్టం లేదు.

మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో అవ్వ వేలిముద్ర వేయకముందు, అక్కడి గుమాస్తా హద్దులు చదివాడు. తూర్పు రోడ్డు, పడమర అమ్మినామెకు మిగిలిన జాగా, ఉత్తరం మరిది జాగా. "దక్షిణం, అమ్మినామె తన ఇంటికి పోవడానికి విడిచిన పది అడుగుల బాట."

నేను బాట అని కొట్టిన గుర్తు లేదు. మెడ చాచి కాయితం చూశాను. నేను హద్దులన్నీ ఒకే వరసలో గుచ్చి పెడతాను. ఈ కాయితంలో ఒక్కో దిక్కూ విడిగా, దిక్కు పేరు లావు అక్షరాల్లో ఉంది. అది ఆమె పద్ధతి. ఆరు పేజీలూ ఆమెవే. అడుగున "టైపు చేసినవారు" అన్న చోట మాత్రం నా పేరుంది.

బయట మెట్ల మీద మిగతాది అవ్వే చెప్పింది. "నిన్న నువ్వు వోయినంక నీ ఇంటామె సదివింది బిడ్డా. బాట లేకపాయె. గామె, ఏం రంది వెట్టుకోకు, సారు ఇంక పూర్తి జెయ్యలే, రేపటికల్ల బాట రాస్తడు అన్నది. రాసినవ్. నా బాట నిలవెట్టినవ్." నా తల మీద చెయ్యి పెట్టింది. "నీ శేతులు సల్లగుండ. నువ్వు నూరేండ్లు బతకాలె బిడ్డ."

పక్కన బౌరంపేట్ పటేల్ ఉన్నాడు, మా వరుసలోని ఇంకో ఇద్దరు టైపువాళ్ళు ఉన్నారు. "ఎంతైనా పాత శెయ్యి, పాత శెయ్యే" అన్నాడు పటేల్. నెలల తరబడి నేను ఏ మాట కోసం కుళ్ళి చచ్చానో ఆ మాట. తల వంచుకుని నిలబడ్డాను. చూసేవాళ్ళు వినయం అనుకుని ఉంటారు.

అవ్వ మెట్లు దిగుతూ, "నీ ఇంటామెకు గూడ ఒక మాట జెప్పి పోత. గామె నాకు మస్తు ధైర్నం జెప్పింది" అంది.

దుకాణం ఎదురుగా కనబడుతూనే ఉంది, రోడ్డు దాటితే చాలు. ఆమె అక్కడికి వెళితే ఏమవుతుంది? నా భార్య నిజం చెప్పేస్తుందని కాదు భయం. ఆ ముసలి చెయ్యి ఆమె తల మీద కూడా పడుతుందని. దాన్ని కూడా పంచుకోవాలి. అది నాకు ఇష్టం లేదు.

"ఆమె లేదు అవ్వా, ఇంటికి వోయింది" అన్నాను. ఆటోను ఆపి, దగ్గరుండి ఎక్కించి, శామీర్‌పేట వైపు పంపేశాను.

దుకాణంలోకి వచ్చేసరికి నా భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "అయిందా?" అంది.

"అయింది."

"అవ్వ ఏమన్న అన్నదా?"

"ఏమనలే."

"మంచిది" అని లోపలికి వెళ్ళి జిరాక్సు మిషన్ మూత ఎత్తింది. నేను చదరంగం మీద నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, నేను చేసిన ఫైలు తెరిచాను. దక్షిణం అన్న చోట, "కొన్నవారి సొంత భూమి" అని ఉంది. అంతకుముందు దస్తావేజులోని మాట, మార్చకుండా వదిలేశాను. అదే రిజిస్టరు అయి ఉంటే అవ్వ ఇంటికి దారి లేదు. ఆ ఫైలు తీసేశాను, మళ్ళీ ఎవరికీ కనబడకుండా. పాస్‌వర్డ్ మాత్రం తీయలేదు. ఆ మిషన్ అమ్మేసేదాకా అది అలాగే ఉంది.

ఇక్కడికి వచ్చేసరికి టైపు చప్పుడు ఆగింది. ఆమె వెనక్కి తిరగలేదు, స్క్రీను వైపే చూస్తోంది.

"అవ్వ నిజంగనే గట్లన్నదా? నాకు ఒక మాట జెప్పి పోత అన్నదా?"

"అన్నది."

"ఏమనలే అన్నవ్ గద నాతోని."

నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"నేను గుమ్మంల నిలవడి సూసిన గా దినం" అంది. "ఆటోల నా ముంగట్నుంచే పోయింది. నా దిక్కు మర్లి సూడలే. ఒకరోజు ముందు బాట లేదని సదివి గాబరవెట్టిన గద, దానికి నా మీద కోపం వట్టుకుందనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

ఆమె లోపల కూర్చుని ఉంటుంది, ఆటో కనబడదని నేననుకున్నాను. నేను వచ్చేసరికి గుమ్మంలో ఉంటే అప్పుడే లేచి వచ్చిందనుకున్నాను, అంతసేపూ నిలబడి చూస్తోందని నాకు తెలీదు. ఇంటికి పోయిందని నేను చెప్పిన మనిషిని అవ్వ గుమ్మంలో వెతకదు కదా, తల తిప్పి ఎందుకు చూస్తుంది? ఆ అవ్వ పోయి కూడా చాలా ఏళ్ళయింది. పోయిందని తెలిసినరోజు నా భార్య అన్నం తినలేదు, అప్పుడు నేను ఎందుకని కూడా అడగలేదు.

ఆమె మళ్ళీ కీబోర్డు మీద చేతులు పెట్టింది. "ఇగ చెప్పు. తర్వాత ఏంది?"

"తర్వాత ఏం లేదు."

"అడుగున పేరు వెట్టాల్నా? టైపు చేసినవారు అని?"

"పెట్టు. నీ పేరు పెట్టు" అన్నాను.

పెట్టింది. నేను లేచి దగ్గరికి పోయి చూశాను. అక్షరాలు పెద్దవి చేసి చూపించింది, అప్పట్లో అందరికీ చూపించినట్టే. నా పేరు లేని కాయితం అడుగున ఆమె పేరు చూస్తుంటే, ఇంత జరిగాక, ఇంత చెప్పుకున్నాక కూడా, నాలో అదే పాత కుళ్ళు లేచింది. అది కూడా కొట్టమన్నాను.